లైన్ క్లియర్ కాగితం లేకుండా మా బుట్ట పైకి లేపించకండి

నెల్లూరు జిల్లా అధికారులకు, విద్యుత్ పంపిణీ ఇంజనీర్లకు, మున్సిపల్ కమిషనర్లకు, సర్పంచులకు, పంచాయతీ కార్యదర్శులకు, లిఫ్ట్ బండ్లు అద్దెకు తిప్పే యజమానులకు ఒక ఆపరేటర్ రాస్తున్న బహిరంగ లేఖ

అందరికీ నమస్కారం.

పద్నాలుగేళ్లుగా నెల్లూరులో బూమ్ లిఫ్ట్ నడుపుతున్నాను. జనం బుట్ట బండి అనేది దాన్నే. వీధిలైటు మార్చాలన్నా, హోర్డింగుకు ఫ్లెక్సీ కట్టాలన్నా, తిరునాళ్లకు సీరియల్ లైట్లు వేయాలన్నా, తీగలకు తగులుతున్న కొమ్మ కొట్టాలన్నా మాకే ఫోను వస్తుంది. మద్రాసు బస్టాండు నుంచి మినీ బైపాస్ దాకా, ఇటు కోవూరు, బుచ్చి, అటు కావలి దాకా నేను బండి నిలపని వీధి తక్కువ. ముందు అర్జీలు పెట్టాం. ఎవరూ వినకపోయేసరికి అందరికీ తెలిసేలా రాయాల్సి వచ్చింది. లైన్ క్లియర్ అంటే, తీగల దగ్గర పని అయ్యేదాకా కరెంటు ఆపి ఉంచుతామని కరెంటు డిపార్ట్‌మెంట్ రాసిచ్చే అనుమతి.

జరిగింది చెబుతాను. ఊరి పేరు, కాంట్రాక్టరు పేరు, ఆఫీసు పేరు రాయడం లేదు. ఒకరిని బజారుకీడ్చాలని నాకు లేదు. రేపు ఇదే పని ఇంకో ఊళ్లో ఇలాగే జరగబోతోందన్న భయంతో రాస్తున్నాను.

పోయిన కార్తీక మాసంలో కోవూరు అవతల ఒక ఊళ్లో గుడి ముందు వీధిలైటు వెలగడం లేదని పిలిచారు. పౌర్ణమికి రెండు రోజులే ఉంది. ముందురోజు వాన పడి రోడ్డు మార్జిన్ అంతా బురద. ఎదురుగా లైటు స్తంభం, వెనక రోడ్డును దాటుకుంటూ పోయే 11 కేవీ (పదకొండు వేల వోల్టుల) లైను. "లైను తీయించండి, అప్పుడు లేపుతాను" అని అడిగాను. "ఒక్క లైటే గదన్నా, దానికి ఊరంతా కరెంటు తీయించేదెందుకు? ట్యాంకుకు నీళ్లెక్కకపోతే జనం మా మీద పడతారు" అన్నారు. లైన్‌మన్‌కు ఫోను చేస్తే పక్క ఊళ్లో ఫ్యూజ్ కాల్ మీద ఉన్నాడు, రావడానికి రెండు గంటలు పడుతుందన్నాడు. ఆ రెండు గంటలు నేను ఆగి ఉండాల్సింది. ఆగలేదు. ఆ తప్పులో నా వాటా నాదే. దాన్ని ఎవరి మీదికీ నెట్టడం లేదు.

బుట్టలో ఎలక్ట్రీషియన్ ఉన్నాడు. నేను బండి మీద లీవర్ల దగ్గర నిలబడ్డాను. కింద మా హెల్పరు, ఇరవై రెండేళ్ల కుర్రాడు, జాకీ (బండి ఒరగకుండా నేలకు ఆనించే ఇనుప కాలు) కింద పెట్టిన చెక్క బురదలోకి దిగిపోతుంటే సరిచేయడానికి వంగాడు. మా బండి చెయ్యి కూడా మనిషి చెయ్యిలాగే మడుస్తుంది, మధ్యలో మోచేయి ఉంటుంది. బుట్టను దీపం దగ్గరికి జరుపుతుంటే ఆ మోచేయి వెనక్కి, పైకి పోతుంది. బుట్టలో ఉన్నతని చూపు దీపం మీద ఉంది, నా చూపు బుట్ట మీద ఉంది. మోచేయిని చూసే మనిషే లేడు. అది వెనకున్న 11 కేవీ తీగకు తగిలింది.

పెద్ద శబ్దం, కళ్లు బైర్లు కమ్మే వెలుగు. బుట్టలో ఉన్నతని చేతులు ఇంకా బుట్ట రాడ్డు మీదే ఉన్నాయి, స్తంభాన్ని ముట్టుకోలేదు. అతనికి ఏమీ కాలేదు. నేను బండి మీదే నిలబడి ఉన్నాను కాబట్టి నాకూ ఏమీ కాలేదు. ఒక కాలు కింద పెట్టి ఉంటే ఈ లేఖ రాసేవాణ్ణి కాదు. కుర్రాడి కుడి చెయ్యి జాకీ మీద ఉంది, కాళ్లు బురదలో ఉన్నాయి. కరెంటు ఆ చేతిలోంచి దూరి కాలిలోంచి భూమిలోకి పోయింది. ఆ విసురుకు పక్కకు పడిపోయాడు.

లైను ట్రిప్ అయింది. టీ అంగడాయన పరుగెత్తుకుంటూ వచ్చి నన్ను దించడానికి బండి పట్టుకోబోయాడు. "తాకొద్దన్నా, తాకొద్దు" అని గొంతు చించుకుని అరిచాను. లైను ట్రిప్ అయితే సబ్‌స్టేషన్‌లో ఒకసారి మళ్లీ వేసి చూస్తారని నాకు తెలుసు. అలాగే వేశారు. బండి మళ్లీ ఒకసారి బుస్సుమంది. ఆయన ఆగకపోయి ఉంటే ఆ రోజు ఇంకో ఇల్లు కూలిపోయేది.

కుర్రాడు బతికాడు. మణికట్టు పైదాకా కుడి చెయ్యి తీసేశారు. అరికాలికి మూడుసార్లు చర్మం అతికించారు. సదరం క్యాంపులో కాగితం మీద సంతకం పెట్టమన్నారు. ఎడమ చేత్తో మూడక్షరాల పేరు రాయడానికి వాడికి చాలాసేపు పట్టింది. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. రాసినంతసేపూ వాళ్లమ్మ గోడవైపు తిరిగి నిలబడింది.

తర్వాత మూడు అర్జీలు పెట్టుకున్నాం. మొదటి చోట, అది ప్రైవేటు బండి, అనుమతి లేకుండా చేసిన పని, మా పరిధిలోకి రాదన్నారు. రెండో చోట అర్జీ తీసుకుని ఇంకో ఆఫీసుకు పంపించామన్నారు. మూడోసారి ఫోనుకు మెసేజీ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడింది అని. మాకు ఎవరూ ఫోను చేయలేదు, ఇంటికి రాలేదు, స్థలం చూడలేదు. కాంట్రాక్టరు ఆసుపత్రి మొదటి బిల్లు కట్టి ఆ తర్వాత ఫోను ఎత్తడం మానేశాడు. కుర్రాడికి మస్టరు లేదు, ఈఎస్ఐ లేదు, భవన నిర్మాణ కార్మికుల బోర్డు కార్డు లేదు. పనిలో దెబ్బతిన్న మనిషికి యజమాని పరిహారం ఇవ్వాలన్న చట్టం ఈ దేశంలో 1923 నుంచి ఉంది. అది వాడి గుమ్మం దాకా రాలేదు.

ఇక అసలు విషయం. మన దగ్గర లైన్ క్లియర్ అనే పద్ధతి లేక ఈ ప్రమాదాలు జరగడం లేదు. పద్ధతి ఉంది, మంచి పద్ధతి. డిపార్ట్‌మెంట్ మనిషి స్తంభం ఎక్కాలంటే సబ్‌స్టేషన్‌లో ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, రాసుకుంటారు, ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు వచ్చే లైను) ఆపుతారు, స్తంభం మీద లైనును విడదీసే ఏబీ స్విచ్ తెరుస్తారు, తీగలో కరెంటు లేదని చూసుకుంటారు, తీగను భూమికి కలిపే ఎర్త్ రాడ్లు తగిలిస్తారు, అప్పుడు ఎక్కుతారు. పని అయ్యాక ఎల్‌సీ తీసుకున్న మనిషే దాన్ని తిరిగి ఇస్తే తప్ప లైను వేయకూడదు. అయితే మాలాంటి ప్రైవేటు బండ్లకు ఆ ఎల్‌సీ నేరుగా ఇవ్వరు. ఇవ్వకూడదు కూడా, అది సరైనదే, మాకు ఆ శిక్షణ లేదు. మరి మా తరఫున ఎవరు తీసుకోవాలి? ఎవరిని అడగాలి? ఎన్ని రోజుల ముందు అడగాలి? దీనికి జవాబు చెప్పే కాగితం నాకు ఏ ఆఫీసులోనూ దొరకలేదు. కరెంటు వాళ్లు మున్సిపాలిటీని అడగమంటారు, మున్సిపాలిటీ కాంట్రాక్టరును చూసుకోమంటుంది, కాంట్రాక్టరు "సాయంత్రానికి అయిపోవాల" అంటాడు. చివరికి అది "అన్నా, తీసేశాం, ఎక్కు" అనే ఒక ఫోను మాట మీద నడుస్తుంది. ఒకే స్తంభాల మీద రెండు ఫీడర్లు పోతున్న చోట ఏది తీశారో ఫోనులో తెలియదు. ఎవరింట్లోనో జనరేటరు తప్పుగా కలిపి ఉంటే, ఆపేసిన ఎల్‌టీ (ఇళ్లకు కరెంటు ఇచ్చే) తీగలోకి కూడా వెనక నుంచి కరెంటు వస్తుంది.

మన జిల్లాలోనే నేలటూరు దగ్గర దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు మూడు ఉన్నాయి. కృష్ణపట్నం వైపు పెద్ద సైట్లలో నేను కొన్నాళ్లు బండి పెట్టాను. అక్కడ పర్మిట్ కాగితం చేతికి రాకుండా ఇంజను కూడా స్టార్ట్ చేయనివ్వరు. పైన లైను ఉంటే ఎర్ర జెండా పట్టుకుని ఒక మనిషి అదే పనిగా నిలబడతాడు. అదే బండి, అదే నేను, అరగంట దూరంలో ఊళ్లోకి వస్తే ఏ కాగితమూ అక్కర్లేదు.

లైన్‌మన్ల మీద నాకు ఏ కోపమూ లేదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు వానలో నిలబడి స్తంభాలు లేపింది వాళ్లే. చాలీచాలని మనుషులతో ఎన్నో ఊళ్లు చూసుకుంటున్నారు. రెండు గంటలు పడుతుందని ఆ రోజు ఆయన చెప్పింది నిజమే. రెండు గంటలు ఆగడం మామూలు విషయం అనుకునే పరిస్థితి మనం తెచ్చుకోలేదు, అదే నా బాధ.

జనంలో, మాలో కూడా, పాతుకుపోయిన కొన్ని నమ్మకాలు చెప్పాలి. "టైర్లు రబ్బరువి గదా, ఏం కాదు" అంటారు. పని చేసేటప్పుడు బండి బరువు ఇనుప జాకీల మీద ఉంటుంది, జాకీలు నేల మీద ఉంటాయి. "బుట్ట ఫైబర్‌ది" అంటారు. అద్దె బండ్లలో చాలావాటికి బుట్ట ఫైబర్‌దైనా చెయ్యి మొత్తం ఇనుమే. లైను పనికోసమే తయారుచేసిన ఇన్సులేటెడ్ బండ్లు వేరు. వాటిని కూడా కరెంటు ఎంత కారుతోందో ఎప్పటికప్పుడు పరీక్షించాలి, దుమ్ము, తేమ పడితే అవీ నమ్మకం కాదు. అంత మంచి బండిలో ఉన్నా ఒక చేత్తో తీగను, ఇంకో చేత్తో స్తంభాన్ని పట్టుకుంటే ఏ బుట్టా కాపాడదు. "తీగ మీద తొడుగు ఉన్నట్టుంది" అంటారు. మన 11 కేవీ తీగల్లో ఎక్కువ భాగం ఉత్త అల్యూమినియం తీగలు, ఎండకూ వానకూ నల్లబడి అలా కనిపిస్తాయి. ఇంకోటి, తీగ ఎప్పుడూ ఒకేచోట ఉండదు. రోహిణి కార్తె ఎండకు సాగి కిందికి జారుతుంది, సముద్రపు గాలికి పక్కకు ఊగుతుంది. పొద్దున కొలిచిన దూరం మధ్యాహ్నానికి ఉండదు.

రోడ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రోడ్డు దాటే 11 కేవీ లైను నేల నుంచి కనీసం 6.1 మీటర్ల ఎత్తులో ఉండాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధన. మన వీధుల్లో పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే ఇంకో పొర సిమెంటు పోస్తూ పోతారు. తీగ కిందికి రాదు, నేలే పైకి పోతుంది. లారీ మీద గడ్డి వేసుకుపోయే రైతుకు, వినాయకుడి బొమ్మ ఊరేగించే పిల్లలకు, వరికోత మిషను డ్రైవరుకు ఆ తేడా ప్రాణాల మీదికి తెస్తుంది. ఇది మా బుట్ట బండ్ల సమస్య ఒక్కటే అనుకోవద్దు.

కాబట్టి మా విన్నపాలు ఇవి.

1. కరెంటు తీగలకు దగ్గరగా బూమ్ లిఫ్ట్, క్రేన్, హైడ్రా (సామాను ఎత్తే చిన్న క్రేన్) ఏది పని చేయాలన్నా, ఆ రోజుకు, ఆ చోటుకు రాసిన లైన్ క్లియర్ కాగితం ఉండాలని జిల్లా అంతటికీ ఒకే ఉత్తర్వు ఇవ్వండి. ఎల్‌సీ డిపార్ట్‌మెంట్ మనిషే తీసుకోవాలి, ఆయన పేరు, ఏ ఫీడర్, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా అన్నది కాగితం మీద ఉండాలి. పని అయ్యేదాకా ఆయన అక్కడే ఉండాలి. ఫోను మాట చెల్లదని ఉత్తర్వులో స్పష్టంగా రాయండి.

2. దానికోసం ప్రతి సెక్షన్ ఆఫీసులో ఒక రిజిస్టరు, ఒక ఫోను నంబరు, ఒక ధర పెట్టండి. అడిగిన 48 గంటల్లో తేదీ ఇవ్వండి. ఫీజు కట్టడానికి మేం సిద్ధం. వారానికి ఒక పూట పెట్టుకుని ఒక ఫీడర్ మీద ఉన్న లైట్ల పని, కొమ్మల పని, ఫ్లెక్సీల పని అంతా అప్పుడే చేసుకోమంటే కరెంటు ఒక్కసారే పోతుంది, జనానికి ముందే చెప్పొచ్చు. ముందురోజు మైకులో చెబితే ట్యాంకులు నింపుకుంటారు, ఎవరూ తిట్టుకోరు. చెప్పకుండా తీస్తేనే మనుషులకు కోపం వస్తుంది.

3. లైను తీయని చోట ఎంత దూరంలో ఆగాలో ఒక అంకె చెప్పండి. భవనాలకు నిబంధన ఉంది, 11 కేవీకి అడ్డంగా 1.2 మీటర్లు, నిలువుగా 3.7 మీటర్లు. అది కదలని గోడకు పెట్టిన లెక్క. మా బండి చెయ్యి నలభై అడుగులు లేచి గాలికి ఊగుతుంది. అమెరికాలో కార్మిక భద్రత చూసే ఓషా సంస్థ 50 కేవీ దాకా ఉన్న లైన్లకు పది అడుగుల లోపలికి క్రేన్లు రాకూడదని పెట్టింది. మన జిల్లాలోనూ బండిలో ఏ భాగమైనా, బుట్టలో మనిషి చేతిలో ఉన్న రాడ్డుతో సహా, పది అడుగుల లోపలికి రాకూడదని పెట్టండి. ఒక లీవరు ఎక్కువ నొక్కితే అడుగు దూరం క్షణంలో పోతుంది, అందుకే పది అడుగులు అడుగుతున్నాం.

4. చూసే మనిషి. కింద నిలబడి తీగకూ బండికీ మధ్య దూరం చూడడం తప్ప ఇంకే పనీ చెప్పకూడని ఒక మనిషి ప్రతి బండికీ ఉండాలి. మెడలో విజిల్, ఒంటి మీద జాకెట్ ఉండాలి, బండికి దూరంగా నిలబడాలి. ఆ రోజు మాకు అలాంటి మనిషి ఒక్కడు ఉండి ఉంటే కుర్రాడి చెయ్యి ఉండేది. మున్సిపాలిటీలు, పంచాయతీలు టెండరులోనే ఆ కూలీ కలపాలి. కలపకపోతే కాంట్రాక్టరు పెట్టడు, ఇది మాకు అనుభవం.

5. ప్రమాదం జరిగితే ఎవరి బండి, ఎవరి తప్పు అన్నది తర్వాత చూడండి. విద్యుత్ చట్టం 2003లో 161వ సెక్షన్ ప్రకారం ప్రమాదాన్ని తెలియజేయాలి, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ చేత విచారణ చేయించవచ్చు. ప్రైవేటు బండి అన్న ఒక్క కారణంతో విచారణ మానొద్దు. మా కుర్రాడి విషయంలో ఇప్పుడైనా విచారణ జరిపించి, ఆ నివేదిక కాపీ ఆ కుటుంబానికి ఇప్పించండి. నా తప్పు ఎంతో అందులో తేలితే నేను ఒప్పుకుంటాను. పరిహారం కోసం వాళ్లమ్మ ఏ ఆఫీసుకు పోవాలో కార్మిక శాఖ వారు కాగితం మీద రాసివ్వాలి.

6. రొట్టెల పండగకు, వినాయక చవితికి, ఊరి తిరునాళ్లకు ఒకే వారంలో బండ్లన్నీ రోడ్డు మీదికి వస్తాయి. నిద్ర లేకుండా రెండు పూటలు నడుపుతాం. పండగకు పదిహేను రోజుల ముందే కమిటీలను, కరెంటు వాళ్లను, మమ్మల్ని ఒకచోట కూర్చోబెట్టి ఏ వీధిలో ఎప్పుడు పనో రాసుకుంటే చీకట్లో తీగల కింద బుట్ట లేపాల్సిన పని ఉండదు.

7. 6.1 మీటర్ల కంటే కిందికి ఉన్న రోడ్డు క్రాసింగులు కొలిచి, వరసగా ఎత్తు చేయించండి. రోడ్డు మీద కొత్త పొర వేసేముందు కరెంటు వాళ్లకు చెప్పకపోతే బిల్లు ఆపండి.

బండ్ల యజమానులకు ఒక మాట. మీరు నాకు అన్నం పెట్టినవాళ్లు, ఆ కృతజ్ఞత ఉంది. కానీ "లేట్ చేస్తే వేరే బండి పిలుస్తాం" అనే కాంట్రాక్టరుకు మీరందరూ కలిసి ఒకే సమాధానం చెప్పకపోతే ఆపరేటరు ఒక్కడు నిలబడలేడు. బుట్టలో మనిషికి హార్నెస్ ఇవ్వండి, దాని తాడు బుట్టకే కట్టాలని చెప్పండి. పక్క స్తంభానికి కడితే బుట్ట కదిలినప్పుడు మనిషిని బయటికి లాగేస్తుంది. హార్డ్‌వేర్ షాపు రబ్బరు గ్లౌజులు ఇచ్చి 11 కేవీ దగ్గరికి పంపొద్దు. హెల్పరుకు మస్టరు రాయండి, ఇన్సూరెన్సు కట్టండి.

నా తోటి ఆపరేటర్లకు, జాకీ దగ్గర నిలబడే తమ్ముళ్లకు. బండి చెయ్యి పైకి లేచాక కింద ఉన్నవాళ్లు ఎవరూ బండిని ముట్టుకోకూడదు. జాకీ చెక్క సరిచేయాలంటే ముందు చెయ్యి దించాలి. తీగ తగిలితే బండి మీద ఉన్నవాళ్లు అక్కడే ఉండాలి, లైను తీశారని డిపార్ట్‌మెంట్ మనిషి వచ్చి చెప్పేదాకా దిగకూడదు. మంట అంటుకుని తప్పనిసరి అయితే, ఒక చెయ్యి బండి మీద ఒక కాలు నేల మీద పెట్టకుండా, రెండు కాళ్లూ దగ్గరగా పెట్టి ఒక్కసారే దూకాలి. ఆ తర్వాత పాదాలు నేలకు రాచుకుంటూ చిన్నచిన్నగా దూరం జరగాలి. చూసే జనం ముప్పై అడుగుల లోపలికి రాకూడదు. చప్పుడు ఆగింది కదా అని దగ్గరికి పోకండి, 1912కు ఫోను చేసి లైను ఆపించండి. ఆ టీ అంగడాయన ఆగిపోయిన ఆ ఒక్క క్షణం నాకు ఇప్పటికీ కళ్లలోనే ఉంది.

అధికారులను చివరగా ఒకటే అడుగుతున్నాను. ఈ నెలాఖరులోగా ఒక పూట సమావేశం పిలవండి. కరెంటు వాళ్లు, మున్సిపాలిటీ వాళ్లు, యజమానులు, కార్మిక శాఖ వాళ్లు అందరూ రండి. ఏ మైదానంలోనైనా సరే, పైన తీగలు లేని చోట. నా ఖర్చుతో బండి తీసుకొస్తాను. బుట్టను దీపం దగ్గరికి జరుపుతుంటే మోచేయి ఎక్కడిదాకా పోతుందో లేపి చూపిస్తాను. కుర్రాడు కూడా వస్తానన్నాడు.

ఇట్లు,
ఒక బూమ్ లిఫ్ట్ ఆపరేటర్,
నెల్లూరు